సంచిలో పట్టనివి

3 సెప్టెంబరు 1986, బుధవారం

పిట్టా,

రేపు గురువారం మన ఇంటి వంతు. నేను రావడం లేదు. తెలియక రెండు టిఫిను డబ్బాలూ ఒళ్ళో పెట్టుకుని, బస్టాండు బెంచీ మీద బస్సు తలుపు వంకే చూస్తూ కూర్చుంటావని ఈ ఉత్తరం ఇప్పుడే రాస్తున్నాను. నా బదులు టైలరు వస్తున్నాడు. ఈ కాగితం సంచిలో అన్నిటికంటే పైన పెట్టాను. దిగగానే మీ బస్సు ఆఫీసు కిటికీలో ఇచ్చి, ఆ తర్వాతే మిగతా పనులు చూసుకోమని చెప్పాను.

రాకపోవడానికి కారణం ఇంటి పైకప్పు. పెంకులు సర్దించాలి, పనివాడు గురువారమే దొరికాడు.

మన వంతు సంగతి చెబితే మీ ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నవ్విందన్నావు. నవ్వనీ. పన్నెండు ఇళ్ళున్న ఊళ్ళో రోజూ పన్నెండు మంది పని మానుకుని ఎందుకు బస్సెక్కాలో ఆ అమ్మాయిని చెప్పమను. రోజుకు ఒక ఇల్లు. ఆ ఇంటి మనిషి అందరి పనులూ సంచిలో వేసుకుని పొద్దున కింది ఊరికి వెళ్ళి, సాయంత్రం అదే బస్సులో తెచ్చి ఇస్తాడు. నేను ఇక్కడి బడికి వచ్చిన రెండో ఏడు మొదలుపెట్టాం. అప్పట్లో బస్సులో నిలబడడానికి చోటు దొరకడమే గగనం. పై ఊరివాళ్ళు మనల్ని కింది ఊరి కింద లెక్కగట్టేవాళ్ళు, కింది ఊరివాళ్ళు పై ఊరి కింద. నడుమ మనకోసం ఆలోచించేది మనమే.

నీకు పదకొండేళ్ళప్పుడు మొదటిసారి ఒక్కదానివే సంచి పట్టుకెళ్ళావు. సంచి నేలకు రాసుకుంటోంది. సాయంత్రం నువ్వు దిగే వేళకు ఊరంతా రోడ్డు మీదే ఉంది, పైకి మాత్రం ఎవరి పనిలో వాళ్ళున్నట్టు. అన్నీ సరిగ్గా తెచ్చావు, ఒక్క బూటు తప్ప. కుడి కాలి బూటు కుట్టించడానికి ఇస్తే ఎడమ కాలిది తెచ్చావు. అది ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. అటక మీదే ఉంది.

రేపు సంచిలో వస్తున్నవి: కోళ్ళావిడ టార్చిలైటు, చివరింటివాళ్ళ గోడగడియారం, లైబ్రరీ పుస్తకాలు మూడు, టైలరు కత్తెర, నా కళ్ళజోడు. ఆ షాపాయన అద్దం మార్చినా మళ్ళీ కుదరలేదు. శ్రద్ధ లేని మనిషిలా ఉన్నాడు.

మీ అమ్మానాన్నల దగ్గర్నుంచి కార్డు వచ్చింది. కొత్త వంతెన పనికి మారుతున్నారట, ఇంకా దూరం. ఆరేళ్ళ పిల్లప్పుడు నిన్ను నా దగ్గర వదిలి వెళ్ళారు. అప్పటి నుంచి ఎన్ని వంతెనలు కట్టారో, ఒక్కటీ మనం దాటలేదు.

గోళ్ళు కొరకడం మానావని మాటతో కాదు, చేతులు చూసి నమ్ముతాను.

అమ్మమ్మ


5 సెప్టెంబరు, శుక్రవారం

అమ్మమ్మా,

నీ ఉత్తరం అందింది. అందాక కూడా బెంచీ మీదే కూర్చుని తిన్నాను. రెండు డబ్బాలూ నేనే తిన్నాను. ఆ తర్వాత ఆఫీసులో నిద్రొచ్చింది, తప్పు నీదే.

ఒక మాట అడగనా? పెంకులు పోయిన ఏడే మార్పించాం. నిచ్చెన పట్టుకున్నది నేను. పోయిన వంతుకు బావి గిలక విరిగిందన్నావు, అంతకు ముందు జలుబన్నావు. నాకు ఆదివారమే సెలవు, ఆదివారం మన ఊరికి బస్సు లేదు. ఒక గురువారం విడిచి ఒక గురువారం ఆ బెంచీ మీద గంటసేపు, అంతే కదా మనకు దక్కేది. నా మీద కోపమేమైనా ఉంటే చెప్పెయ్.

ఇప్పుడు చెప్పబోయేది నేను చెప్పకూడనిది. పై ఊరికీ కింది ఊరికీ నడుమ కొత్త రోడ్డు పూర్తయింది, తిన్నగా పోతుంది. మన ఊరి మీదుగా చుట్టూ తిరిగి రావడం దండగని మా పెద్దాయన అంటున్నాడు. పదిహేనో తేదీ నుంచి ఆరు రోజులు మా ఆఫీసు మనిషి ఒకాయన బస్సులో కూర్చుని, మన మలుపు దగ్గర ఎందరు ఎక్కుతున్నారో రాసుకుంటాడు. దాన్నిబట్టే బస్సు ఉండాలో వద్దో తేలుస్తారు. అమ్మమ్మా, ఆ ఒక్క వారం నలుగురైదుగురిని ఎక్కమని చెప్పు. నీకు నచ్చదని తెలుసు. అయినా చెప్పు.

నేను గది మారాను. ఇది కింది అంతస్తులోనే, మెట్లు లేవు. కిటికీలోంచి చూస్తే చీకటి పడే వేళ సాయంత్రం బస్సు దీపాలు కొండ మీద పాకుతూ పోవడం కనిపిస్తుంది. మన మలుపు దగ్గర అవి కాసేపు కదలకుండా నిలబడతాయి. నిలబడ్డాయంటే మనవాళ్ళెవరో దిగారన్నమాట. ఇవాళ టార్చిలైటు ఇంటికి చేరింది, ఇవాళ గడియారం చేరింది అనుకుంటాను. అనుకున్నాకే అన్నం వండుకుంటాను.

రెండో మంచం కొంటున్నాను. కిటికీ కింద వేయించనా, గోడవారగానా? నువ్వే చెప్పాలి.

గోళ్ళు బాగానే ఉన్నాయి. ఎడమ చేతివి.

నీ పిట్ట


9 సెప్టెంబరు, మంగళవారం

పిట్టా,

నీ ఉత్తరం కుళాయి దగ్గర అందరికీ చదివి వినిపించాను, నలుగురైదుగురిని ఎక్కించమన్న భాగం తప్ప. ముప్పై ఒక్క సంవత్సరాలు పిల్లలకు పక్కవాడి పలకలోకి చూడొద్దని చెప్పిన మనిషిని. ఇప్పుడు ఊరి చేత దొంగ ప్రయాణాలు చేయించమంటావా? పని లేకుండా బస్సెక్కి, పని ఉన్నట్టు మొహం పెట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చూస్తే ఆ వచ్చే మనిషికి మన పద్ధతి ఎంత గొప్పదో తెలుస్తుంది.

ఊరివాళ్ళు విషయం బాగానే అర్థం చేసుకున్నారు. ఆఫీసు నుంచి పెద్దమనిషి వస్తున్నాడు, మన వల్ల ఆయనకు ఇబ్బంది కలగకూడదు అనుకున్నారు. కోళ్ళావిడ ఆ వారం బస్సులోకి కోడిని తేనని నాకు మాటిచ్చింది. ఆవిడ నోటి నుంచి అలాంటి మాట రావడం ఇదే మొదటిసారి.

పైకప్పు సంగతి. మార్పించిన పెంకులకు కూడా మరమ్మతు ఉంటుంది. వచ్చే వంతుకు కూడా టైలరే వస్తాడు. కారణాలు నేను చెప్పినప్పుడు తెలుసుకుందువుగాని. కోపం ఉంటే నీకు కాగితం మీద రాదు, ఎదురుగా తెలుస్తుంది.

రెండో మంచం ఎవరికి? అడగకుండానే ఒక సమాధానం తోస్తోంది, అది నాకు నచ్చడం లేదు. మెట్లు లేవని ఎందుకు రాశావు? నేను మెట్లు ఎక్కగలను.

అమ్మమ్మ


20 సెప్టెంబరు, శనివారం

పిట్టా,

నువ్వు జవాబు రాయలేదు. రాయకపోయినా ఈ వారం కబురు ఆపుకోలేక రాస్తున్నాను. మన ఊరు పరువు నిలబెట్టింది.

సోమవారం ఒకరు వెళ్ళారు, మంగళవారం ఒకరు, బుధవారం ఒకరు, ఎప్పటిలాగే. గురువారం నా వంతుకు టైలరు వెళ్ళాడు. లెక్కలాయన అతని పక్క సీటులోనే కూర్చున్నాడట. తిరిగొచ్చాక కుళాయి దగ్గర టైలరు అంతా అభినయించి చూపించాడు.

"ఏమయ్యా, మీ ఊళ్ళో రోజుకు ఒక్కరే ఎక్కుతున్నారు. మిగతావాళ్ళకు పనుల్లేవా?" అన్నాడట ఆయన.

"పనులకేం కొదవండీ! అయినా మా ఊరికి ఒక్కరు చాలండీ. మా టీచరమ్మగారు అలా పెట్టారు."

"ఒక్కరు చాలా?"

"చాలండీ. ఒక్కోసారి ఆ ఒక్కరికీ మధ్యాహ్నానికే పని అయిపోతుంది. బస్సొచ్చేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి."

ఆయన ఎంత ముచ్చటపడ్డాడో, ఆ మాట అక్కడికక్కడే కాగితం మీద రాసుకున్నాడట. టైలరు ఊరుకోక, రాసింది చదివించుకుని మరీ విన్నాడు.

శుక్రవారం చివరింటివాళ్ళ వంతు. పెద్దమనిషి కాళ్ళు చాపుకుని కూర్చోవాలని, చివరింటి పెద్దాయన తాను ఎక్కకుండా సంచి ఒక్కటే కండక్టరు చేతికిచ్చి పంపారు. ఇవాళ కోళ్ళావిడ, మాట ఇచ్చినట్టే, ఉత్త చేతులతో వెళ్ళింది. సీటున్నా దారి పొడవునా నిలబడే ఉందట. ఇంత క్రమశిక్షణ నా బడిలో కూడా చూడలేదు.

ఇవన్నీ విన్నప్పుడు పాత రోజులు గుర్తొచ్చాయి. బస్సు మలుపులో హారను కొట్టగానే బడిలో పిల్లలంతా ఒక్కసారి లేచి నిలబడేవాళ్ళు. కూర్చోమని నేను చెప్పేదాన్ని, చెబుతూ నేనూ కిటికీ దగ్గరకే వెళ్ళేదాన్ని. నువ్వు మూడో వరసలో ఉండేదానివి. మీ అమ్మ దిగుతుందేమోనని చూసేదానివి. నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు.

కళ్ళజోడు మళ్ళీ పంపాను. ఈసారైనా ఆ షాపాయన మనసు పెట్టి చేస్తే బాగుండు.

సంతృప్తితో,
అమ్మమ్మ


25 సెప్టెంబరు, గురువారం

అమ్మమ్మా,

ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఆగాను.

లెక్కలాయన కాగితం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. సోమ, మంగళ, బుధ, గురువారాల్లో ఒక్కొక్కరు. శుక్రవారం మనుషులు లేరు, ఒక సంచి. శనివారం ఒకరు, ఆమె కూడా కూర్చోలేదు. కింద ఒక వాక్యం ఉంది: "రోజుకు ఒక్కరు చాలునని, అది కూడా ఎక్కువేనని ఆ ఊరివారే స్వయంగా తెలిపారు."

అమ్మమ్మా, ఆయన ముచ్చటపడి రాసుకోలేదు.

డిసెంబరు ఒకటి నుంచి బస్సు కొత్త రోడ్డు మీదే పోతుంది. మన ఊరివాళ్ళు వాగు దాటి, గట్టెక్కి, అవతలి వైపు దిగి ఎక్కాలి. నాకే గంట పడుతుంది. కోళ్ళావిడ మోకాళ్ళతో ఎంత పడుతుందో నువ్వే చెప్పు. ఊరివాళ్ళు అర్జీ పెడితే మళ్ళీ లెక్క తీస్తారు. అర్జీ నేను రాయకూడదు, నేను ఈ ఆఫీసు మనిషిని.

ఇంకొకటి. ఆ కాగితం టైపు చేసింది నేనే. కింద మూల నా పొడి అక్షరాలు ఉంటాయి. వేరే ఎవరో చెప్పేకంటే నేనే చెప్పడం మంచిది కదా.

ఆ గురువారం బస్సులో నువ్వు ఉండి ఉంటే ఇలా జరిగేది కాదు. ఎందుకు రాలేదు?

మంచం కిటికీ కిందే వేయించాను. నువ్వు జవాబు చెప్పలేదు కాబట్టి.

పిట్ట


29 సెప్టెంబరు, సోమవారం

మనవరాలికి,

విషయాలన్నీ వరసలో పెట్టి చూశాను.

ఒకటి, బస్సు తీసేస్తున్నది మీ ఆఫీసు. రెండు, ఆ కాగితం తయారైంది నీ చేతుల మీదుగా. మూడు, అదే నెలలో నువ్వు మెట్లు లేని గది తీసుకుని రెండో మంచం వేయించావు. లెక్క చేయడం నేర్పింది నేనే, జవాబు నాకు రాదనుకున్నావా?

నీకు ఏడేళ్ళప్పుడు, నా వంతు రోజున సంచి కనిపించలేదు. ఇల్లంతా వెతికాను. కట్టెల గదిలో, కట్టెల వెనక, సంచి పట్టుకుని నువ్వు. "నువ్వెళ్తే రావు" అన్నావు. మీ అమ్మానాన్నా వెళ్ళింది ఆ బస్సులోనే కదా. ఆ పొద్దున బస్సు వెళ్ళిపోయింది. ఊళ్ళో పన్నెండు ఇళ్ళ పనులూ ఆగిపోయాయి. నేను నిన్ను ఒక్క మాట అనలేదు.

అప్పుడు సంచి దాచావు. ఇప్పుడు బస్సునే దాచేస్తున్నావు.

నన్ను నీ దగ్గరకు రమ్మని అడగాలంటే నోరుంది. అడిగితే రానని చెప్పడానికి నాకూ నోరుంది. ఇందులోకి పన్నెండు ఇళ్ళను లాగనక్కర్లేదు.

టైలరు తిండి మానేసి కూర్చున్నాడు. "నా నోరు కుట్టుకోవాల్సింది టీచరమ్మా" అని నూలు చేతిలో పట్టుకుని తిరుగుతున్నాడు. అతను చెప్పింది నా మాటే.

గురువారం కూడా అతనే వస్తాడు. నాకు వీలుపడదు.

ప్రధానోపాధ్యాయురాలు (రిటైర్డు)


4 అక్టోబరు, శనివారం

అమ్మమ్మా,

"మనవరాలికి" అట! "ప్రధానోపాధ్యాయురాలు" అట! ఒక పూటంతా ఏడ్చి, మొహం కడుక్కుని ఇది రాస్తున్నాను. మధ్యలో ఆపకుండా చదువు.

ఆ వాక్యం నేను రాయలేదు. ఎదుటివాళ్ళు రాసిన దానిలో అక్షరం మార్చకూడదని నేర్పింది ఎవరు? మార్చాలనిపించింది. "ఒక్కరు చాలు" దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. నువ్వు వెనక నిలబడి చూస్తున్నట్టు అనిపించి ఉన్నది ఉన్నట్టు కొట్టాను.

ఇక గది సంగతి. ఆగస్టులో చేతి గడియారం పట్టీ కోసం కళ్ళజోళ్ళ షాపు పక్కనుంచి వెళ్తున్నాను. బల్ల మీద నీ కళ్ళజోడు ఉంది. విరిగిన కాడకు టైలరు నీలం దారం చుట్టాడు కదా, చూడగానే గుర్తుపట్టాను. "ఇది మా అమ్మమ్మది" అన్నాను.

షాపాయన నన్ను కూర్చోబెట్టాడు. "అమ్మా, ఈ కళ్ళజోడు నా దగ్గరకు నాలుగుసార్లు వచ్చింది. కళ్ళు మాత్రం ఒక్కసారీ రాలేదు. అద్దం మారుస్తూ ఉండమంటే మారుస్తాను, కాని మారాల్సింది అద్దం కాదు. సంచి మోసుకొచ్చినాయనతో ప్రతిసారీ చెబుతున్నాను, మనిషిని పంపండి అని."

టైలరును నిలదీశాను. నీకు చెప్పాడట. నాకు చెప్పొద్దని నువ్వు ఒట్టు వేయించుకున్నావట. బస్సు మెట్టు కనిపించక జులైలో పడబోయావనీ, అప్పటి నుంచి వంతుకు రావడం మానేశావనీ అప్పుడు తెలిసింది. జలుబు! గిలక! పెంకులు! అన్నీ తెలిసే, నీ నోటితో చెబుతావేమోనని ఎందుకు రాలేదని అడుగుతూ వచ్చాను.

కంటి ఆసుపత్రికి వెళ్ళి అడిగాను. పొర కోసి తీసేస్తారట, మామూలు ఆపరేషనే. కాని రెండు వారాలు దగ్గరలో ఉండాలి, మెట్లు ఎక్కకూడదు, తల వంచకూడదు. గది ఆసుపత్రి ఎదురుగా ఉంది. అందుకు మారాను. రెండు వారాలకు అమ్మమ్మా! ఉన్నన్నాళ్ళూ ఉంచేసుకోవాలని నాకూ ఉంది, ఎందుకు లేదు? కాని నిన్ను ఆ మలుపు నుంచి పెకలించి తెచ్చుకుంటే రాత్రి కిటికీలోంచి నేను ఏం చూడను?

నేరుగా అడిగితే రానంటావని మంచం పేరు చెప్పి అడిగాను. అది నా తప్పు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు దవడ వాచింది, గుర్తుందా? ఆ రోజు కోళ్ళావిడ వంతు. నువ్వు బడికి తాళం వేసి నన్ను చంకనేసుకుని బస్సెక్కావు. వంతు కాదు కదా అని కండక్టరు అడిగితే, "పన్ను సంచిలో వేసి పంపమంటావా?" అని గద్దించావు. ఆ రోజు మన ఊరి నుంచి ముగ్గురు ఎక్కారు. నీ రూలు నువ్వే దాటావు, ఎవరూ దొంగ ప్రయాణం అనలేదు.

మొన్న గురువారం టైలరు మళ్ళీ తెచ్చిన నీ కళ్ళజోడు నా టేబులు సొరుగులో ఉంది. సంచిలో పంపను. వచ్చి తీసుకో.

ఏం రాసినా, ఎలా రాసినా
నీ పిట్ట


20 అక్టోబరు, సోమవారం

పిట్టా,

మీ ఆఫీసు నుంచి ఇవాళ కాగితం వచ్చింది. ఇక ఏం జరగాలో నీకు చెప్పాలని రాస్తున్నాను. చేతిరాత టైలరుది, మాటలు నావి. తప్పులుంటే అతనివి. (టైలరు: తప్పులుండవు పిట్టమ్మా. ఒక్కో ముక్కా మళ్ళీ చదివించుకుంటున్నారు.)

నీ ఉత్తరం నేను చదవలేదు. చదవడానికి కళ్ళజోడు నువ్వు ఉంచుకున్నావు. ఎండలో పట్టుకుని చూశాను, కాగితం మీద చీమలు పాకినట్టు ఉంది. రెండు రోజులు దిండు కింద పెట్టుకున్నాను. మూడో రోజు కుళాయి దగ్గర టైలరుకు ఇచ్చి, చదవమన్నాను. కళ్ళజోడు దగ్గరకు వచ్చేసరికి అతని గొంతు తగ్గిపోయింది.

"గట్టిగా చదువు" అన్నాను.

చదివాడు. మెట్టు, జలుబు, గిలక, పెంకులు, ఒట్టు, అన్నీ ఊరి మధ్యలో.

మొదట నోరు విప్పింది కోళ్ళావిడ. "ఏం టీచరమ్మా, మాకు తలనొప్పి వస్తే మాత్ర వేసుకున్నామా లేదా అని ఇంటికొచ్చి అడుగుతావు. నీ కన్ను పోతుంటే కళ్ళజోడు ఊరేగించావా?" అంది. మర్యాద లేని మాట. అందులో తప్పు దొరకలేదు.

తర్వాత ఆవిడే అంది, "నేనూ అంతేలే. నా మోకాలి నొప్పి చెప్పి మందు తెమ్మంటాను. ఎవరి మోకాలో చూడకుండా వాళ్ళు ఏం మందిస్తారు? ఆరేళ్ళుగా అదే సీసా."

టైలరు కింది ఊరి బట్టల కొట్టు చూసి రెండేళ్ళయిందట. నీలం తెమ్మంటే ఎవరికి తోచిన నీలం వాళ్ళు తెస్తున్నారట. (టైలరు: ఒక్కటీ నీలం కాదు.) మన వంతులకు ఇన్నిసార్లు వచ్చినవాడు తన కోసం ఒక్కసారి కొట్టు మెట్లెక్కలేదు. అందరివీ అయ్యేసరికి బస్సు వేళ అయ్యేదట. మధ్యాహ్నానికే పని అయిపోతుందని ఆ లెక్కలాయనకు ఎందుకు చెప్పావంటే, మన ఊరు చురుకైనదని అనుకోవాలని అన్నాడు.

అందరికంటే చివర మాట్లాడింది చివరింటి అమ్మగారు. ఆవిడ చెల్లెలు పై ఊళ్ళోనే ఉంటుంది. బస్సులో అరగంట. "పదకొండేళ్ళుగా దానికి సంచిలో ఉత్తరాలే పంపుతున్నాను, కింది ఊరి పోస్టులో వేస్తే తిరిగి పై ఊరికి పోతాయి" అంది. వెళ్ళి చూడలేదేమని అడిగాను. "మా వంతు రోజు అందరి సంచీ పట్టుకుని కిందికి పోవాలి కదమ్మా. వంతు కాని రోజు ఎక్కడానికి మొహమాటం" అంది.

వంతు కానివాళ్ళు ఎక్కకూడదని నేను ఎప్పుడూ చెప్పలేదు. అదే అన్నాను. "మీరు చెప్పలేదమ్మా, మేమే అలా అలవాటు పడిపోయాం" అంది. ఆవిడ నన్ను ఓదార్చింది. నాకు అలవాటు లేని విషయం, ఎటు చూడాలో తెలియలేదు. ఎటు చూసినా ఇప్పుడు ఒకటేలే.

మంచి పద్ధతే పెట్టాను. ఇప్పటికీ అదే అంటాను. గడియారాలకూ కత్తెరలకూ అది సరిపోతుంది. నా కన్ను సంచిలో పట్టదు, ఆవిడ చెల్లెలూ పట్టదు. నీ పన్ను నాడు నాకు తెలిసిన సంగతే ఇది. నీ విషయంలో వెంటనే తెలిసింది.

మరునాడే అర్జీ రాయించాను. పన్నెండు ఇళ్ళవాళ్ళూ సంతకాలు పెట్టారు. లెక్కలాయన రాసింది అబద్ధమని అనలేదు. ఆయన చూసింది మోసే మనిషిని, మోయలేని పనులు కూడా ఉన్నాయి, వచ్చి చూడమన్నాం. నవంబరు పది నుంచి ఆరు రోజులు మళ్ళీ లెక్క తీస్తామని జవాబు వచ్చింది. కింద మూల పొడి అక్షరాలు నీవేనని టైలరు చెప్పాడు. వేలితో తడిమి చూశాను.

ఇరవై తొమ్మిదో తేదీ ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాను. చింపెయ్. లేదా ఉంచుకో, బస్సును దాచేస్తున్నావన్న వాక్యం బాగా కుదిరింది. నువ్వు బస్సును దాచవని నాకు తెలుసు. కట్టెల గదిలో ఆ రోజు నీ పక్కన కూర్చున్నప్పుడే తెలుసు.

ఇక జరగాల్సినవి:

1. ఆ ఆరు రోజులూ ఎవరి పనికి వాళ్ళే బస్సెక్కాలి. పని లేనివాళ్ళు ఎక్కకూడదు. ఊరికే ఎక్కితే నేను అందరి ముందూ దింపేస్తాను.

2. ఆ వారం సంచి కొక్కేనికే వేలాడాలి.

3. కోళ్ళావిడ తన మోకాలిని తానే డాక్టరుకు చూపించాలి. కోడిని తేవచ్చు. అది నిజంగా అమ్మే కోడి అయితేనే.

4. చివరింటి అమ్మగారు సోమవారం సాయంత్రం బస్సులో పైకి వెళ్ళి, చెల్లెలి ఇంట్లో పడుకుని, మంగళవారం పొద్దున దిగి రావాలి. పెద్దాయన ఒక రాత్రి తన అన్నం తాను వండుకోవాలి.

5. టైలరు లెక్కలాయన పక్కన కూర్చోకూడదు. (టైలరు: ఇది రాయనని మొండికేశాను. రాయించారు.)

6. పదమూడు, గురువారం, నేను వస్తాను. నువ్వు ఆఫీసు కిటికీ వెనక కాదు, బస్సు తలుపు దగ్గర ఉండాలి. మెట్టు ఎక్కడుందో నోటితో చెప్పు చాలు. నీ చెయ్యి నేను పట్టుకుంటాను. గోళ్ళ సంగతి కూడా అప్పుడే తేలుతుంది.

7. డబ్బాలు రెండు తే. రెండూ నువ్వే తినకు.

8. అటక మీది ఎడమ బూటు తెస్తున్నాను. చెప్పులు కుట్టే ఆయన ఇంకా ఉంటే చూపిద్దాం. ఎవరో ఇన్నేళ్ళూ ఒంటి బూటుతో ఎదురుచూస్తూ ఉంటారు.

9. మంచం కిటికీ కిందే ఉండనీ. కట్టు విప్పిన రోజు సాయంత్రం, మన మలుపు దగ్గర బస్సు దీపాలు నిలబడడం నేను నీ పక్కన నిలబడి చూడాలి.

10. డిసెంబరు పదకొండు, గురువారం, మన ఇంటి వంతు. దాన్ని ఎవరికీ ఇవ్వొద్దని ఊళ్ళో చెప్పాను. ఆ రోజు సంచి నేనే తెస్తాను.

అమ్మమ్మ